ట్రాలీలో గిత్తల్ని తోలుకెళ్లడానికి కారు లైసెన్సు చాలుతుందా?

పల్నాటి గిత్త: సంక్రాంతి బండలాగుడు పందేలకు మా జతను నూట ఇరవై కిలోమీటర్లు తీసుకెళ్లాలి. ట్రాక్టరు, ట్రాలీ మావే. నాది కారు లైసెన్సు, అంటే తేలిక బండ్లది, ఎల్‌ఎంవీ. మా బావ హెవీ కావాలంటాడు. ఇన్సూరెన్సు సంగతి కూడా చెప్పండి.

ముప్పై ఏళ్ల స్టీరింగ్: హెవీ ఏంది, మిరపకాయ బస్తాలతో గుంటూరు యార్డుకి ఎన్ని ట్రిప్పులు కొట్టానో లెక్కలేదు. ఒక్కడు ఆపి అడగలేదు.

చట్టం చదివినోడు: ఆపలేదంటే రూలు లేదని కాదు పెద్దాయనా. మోటారు వాహనాల చట్టం 2(21) ప్రకారం ట్రాక్టరుకి చూసేది ఖాళీ బరువు, 7500 కిలోల లోపైతే ఎల్‌ఎంవీ కిందికే వస్తుంది. ట్రాలీ తగిలించినంత మాత్రాన ట్రాక్టరు లైసెన్సు చెల్లకుండా పోదని సుప్రీంకోర్టు 2001లోనే చెప్పింది.

డీసీఎం రాజు: ఖాళీ బరువు కాదు, గ్రాస్ చూస్తారు. లోడు కూడా కలపాలి. నేను రోజూ బండి నడిపేవాణ్ణి, నాకు చెప్పకు.

చట్టం చదివినోడు: నీ డీసీఎం సరుకు బండి, దానికి గ్రాస్. ట్రాక్టరుకి, కారుకి, రోడ్డు రోలరుకి ఖాళీ బరువు. ఒకే సెక్షన్‌లో రెండూ ఉన్నాయి, చదువుకో. గ్రాస్ 7500 లోపున్న సరుకు బండికి లైసెన్సు మీద విడిగా ట్రాన్స్‌పోర్టు ఎండార్స్‌మెంటు అక్కర్లేదని 2024 నవంబరు 6న సుప్రీంకోర్టు అయిదుగురు జడ్జీలు తేల్చేశారు కూడా.

డీసీఎం రాజు: జడ్జీలొచ్చి చెక్‌పోస్టు దగ్గర నా బండి విడిపిస్తారా?

దెబ్బతిన్నవాడు: లైసెన్సు గొడవ తర్వాత, ముందు ట్రాలీకి నంబరుందో లేదో చూసుకో తమ్ముడూ. నాకు ట్రాక్టరుకి ఇన్సూరెన్సుంది, ట్రాలీకి లేదు. హుక్కు పిన్ను ఊడి ట్రాలీ వెనక్కి జారి బైకు మీదికెళ్లింది. లైసెన్సు పక్కాగానే ఉంది, అయినా కంపెనీ చేతులెత్తేసింది. రెండెకరాలు కౌలుకిచ్చి కట్టాను. ఆ పిన్నుకి పది రూపాయల క్లిప్పు పెట్టుకోలేదు నేను!

సూర్యాపేట శీను: ట్రాలీలో గిత్తలా, నీకేమైనా పిచ్చా? రేకు మీద గిట్టలు జారతయ్. అడుగున ఇసుక పోసి దాని మీద వరిగడ్డి పరుచు, ముకుతాడుకి కాదు, మెడపట్టెకి కట్టు. మాది ఒక్క సడన్ బ్రేకుకి మోకాళ్ల మీద పడ్డది, ఆ సీజనంతా పోయింది.

చట్టం చదివినోడు: అసలు 2016 నుంచి పశువుల్ని తీసుకెళ్లే బండిలో ఒక్కో ఆవుకో గేదెకో 2 చదరపు మీటర్ల విడి గది ఉండాలి, గుర్రానికైతే 2.25.

ముప్పై ఏళ్ల స్టీరింగ్: గుర్రమెవరడిగారయ్యా ఇక్కడ?

డీసీఎం రాజు: వ్యవసాయం ట్రాలీలో పందెం గిత్తలు ఎక్కిస్తే అది వ్యవసాయం ఎలా అవుతుంది? దీనికి జవాబు చెప్పు లాయరుగారూ.

చట్టం చదివినోడు: లాయర్ని కాదు. ఆ పాయింటు మాత్రం నిజమే, ఇన్సూరెన్సు వాళ్లు పట్టుకునేది అదే. ట్రాలీలో మనుషుల్ని మాత్రం ఎక్కించుకోకు.

పల్నాటి గిత్త: మనుషుల్లేకుండా ఎలాగన్నా, జతకి నలుగురు కావాలి. నాన్నని అడిగితే ట్రాలీకి నంబరే లేదంట, కొన్నప్పటి నుంచీ. ఏదైనా బండి బాడుగకి చూస్తా.

డీసీఎం రాజు: ఇన్‌బాక్సులోకి రా. గిత్తల వయసెంత, నాలుగు పళ్ల జతా, ఆరు పళ్లా?

సూర్యాపేట శీను: పళ్లతో నీకేం పనన్నా, బరువు చెప్పమను.