అప్‌డేట్: పాప స్కూల్లో కలోనియల్ డే అయిపోయింది

మేం వర్జీనియాలో ఉంటాం. పాప క్లాసులో కలోనియల్ డేకి (అమెరికా బ్రిటిష్ వలసగా ఉన్నప్పటి జనజీవితాన్ని పిల్లలు చేసి చూసే రోజు) వాలంటీర్‌గా రమ్మన్నారు, వెన్న తీసే బల్ల నాది, ఏం చెప్పాలి, పాపకి ఏం వేయాలి అని అడిగాను కదా. సలహాలిచ్చిన అందరికీ థాంక్స్.

సీసాల్లో క్రీమ్ పోసి, మూత బిగించి పిల్లలకిచ్చాం. కాసేపటికి క్రీమ్ చిక్కబడి కదలడమే మానేసింది. అక్కడే సగంమంది చేతులెత్తేశారు. ఇంకాస్త ఊపండ్రా అంటే ఊపారు, ఉన్నట్టుండి మజ్జిగ విడిపోయి వెన్నముద్ద తేలింది. ఆ అరుపులు వినాలి! క్రీమ్ మరీ చల్లగా ఉండకూడదన్న చిట్కా భలే పనిచేసింది.

పక్క బల్ల మీద కొవ్వొత్తులు. వత్తిని కరిగిన మైనంలో ముంచి తీయడం, ఆరాక మళ్లీ ముంచడం. ఎక్కువసేపు ఉంచితే పట్టిన పొర కూడా కరిగిపోతుంది. అప్పట్లో మామూలు ఇళ్లల్లో పశువుల కొవ్వే వాడేవారు.

ఈ సరదాలో బానిసల సంగతి మర్చిపోతారేమో అని ఒకరు రాశారు. టీచర్ మర్చిపోలేదు. 18వ శతాబ్దంలో అప్పటి వర్జీనియా రాజధాని విలియమ్స్‌బర్గ్ జనాభాలో దాదాపు సగం నల్లజాతివాళ్లేనని, వాళ్లలో ఎక్కువమంది బానిసలని, ఉన్నవాళ్ల ఇళ్లల్లో ఇలాంటి చాకిరీ వాళ్లదేనని పిల్లలకి సూటిగా చెప్పారు. నాకు అన్నిటికంటే అదే నచ్చింది.

డ్రెస్ మాత్రం కొనకండి, దండగ. పొడుగు లంగా, పైన తెల్ల ఏప్రన్ చాలు.