టూ థౌజండ్ గినీస్ కేవలం మగ గుర్రాల పందెమేనా?

ప్రశ్న: ఇంగ్లండులోని న్యూమార్కెట్‌లో జరిగే టూ థౌజండ్ గినీస్‌ను మూడేళ్ల కోల్టుల (కుర్ర మగ గుర్రాల) పందెమని చాలామంది రాస్తున్నారు. అయితే పాత విజేతల పట్టికలో సెప్టర్ అనే ఫిల్లీ (కుర్ర ఆడ గుర్రం) పేరు చూశాను. ఇది ఎలా సాధ్యమో, పేరులోని ఆ రెండు వేల గినీలు ఏమిటో తెలిసినవారు దయచేసి వివరించగలరు.

మొదటి జవాబు: కోల్టుల పందెమనడం వాడుకే తప్ప నిబంధన కాదు. ఈ పందెంలో మూడేళ్ల కోల్టులూ ఫిల్లీలూ పరుగెత్తవచ్చు. ఫిల్లీలకు బరువులో మినహాయింపు కూడా ఉంది: అవి కోల్టులకంటే మూడు పౌండ్లు తక్కువ మోస్తాయి. 1809లో తొలిసారి జరిగినప్పుడు విజార్డ్ అనే గుర్రం గెలిచింది. 1814లో ఫిల్లీలకు ప్రత్యేకంగా వన్ థౌజండ్ గినీస్ మొదలైంది కనుక యజమానులు వాటిని సహజంగానే అటు పంపసాగారు. పేరు తొలినాటి బహుమతి సొమ్మును బట్టి వచ్చింది. గినీ అంటే 21 షిల్లింగులు, కాబట్టి రెండు వేల గినీలు 2,100 పౌండ్లు. నేటి బహుమతితో ఆ లెక్కకు సంబంధమే లేదు.

రెండవ జవాబు: పై జవాబుకు కొంత చేర్పు. 1840లో క్రూసిఫిక్స్, 1902లో సెప్టర్ రెండు గినీస్ పందేలనూ గెలిచాయి. సెప్టర్ ఆ ఏడాదే ఓక్స్, సెయింట్ లెజర్ అనే మరో రెండు పెద్ద పందేలనూ గెలుచుకుంది. ఈ పందెం గెలిచిన చివరి ఫిల్లీ 1944 నాటి గార్డెన్ పాత్. నిజంగా తలుపు మూసింది ఫిల్లీలకు కాదు, వృషణాలు తీసేసిన గెల్డింగ్‌లకు. మేలుజాతి సంతతికి తండ్రి కాగల గుర్రాన్ని తేల్చే పరీక్షగా దీన్ని చూస్తారు కనుక, సంతతినివ్వలేని గుర్రానికి ఇక్కడ చోటు లేదు. నా దృష్టిలో ఈ పందెం విలువంతా అందులోనే ఉంది. ఉదాహరణకు 2011లో ఫ్రాంకెల్ అనే కోల్ట్ మొదటినుంచే దూసుకుపోయి, సగం దూరానికే దాదాపు 15 లెంగ్త్‌ల (లెంగ్త్ అంటే ఒక గుర్రం పొడవు) ముందంజ సాధించింది. ఒక మైలు సాగే ఆ తిన్నని బాటలో చివర ఒక పల్లం, ఆ వెంటనే గమ్యం దాకా ఎత్తు ఉంటాయి. అక్కడ వెనుకవి కొంత దగ్గరైనా, ఆరు లెంగ్త్‌ల తేడాతో అదే గెలిచింది.

ప్రశ్న వేసినవారు: కృతజ్ఞతలు. అయితే కోల్టులకు మాత్రమే పరిమితమైన గినీస్ ఎక్కడైనా ఉందా?

మూడవ జవాబు: ఫ్రాన్సులో ఉంది. ఇంగ్లండు పందెం నమూనాలో 1840లో మొదలైన పూల్ దెస్సే అనే పందేన్ని 1883లో రెండుగా విడదీశారు; అప్పటినుంచి పూలాఁ పందెం కోల్టులది, పూలిష్ పందెం ఫిల్లీలది.