అమెరికా ఎన్నికల్లో ఎవరు గెలుస్తారో ముందే పసిగట్టడం ఎలా?

గోదావరి_గట్టు:
2024లో మా ఇంట్లో అందరం హారిస్ గెలుస్తుందనే నమ్మాం. ఎన్నికకు మూడు రోజుల ముందు అయోవాలో ఆమె 3 శాతం ముందుందని ఒక సర్వే వచ్చేసరికి ఇక తిరుగులేదనుకున్నాం. తీరా చూస్తే అక్కడ ట్రంప్ 13 శాతం తేడాతో గెలిచాడు. మొత్తం మీద ఎలక్టోరల్ ఓట్లు ట్రంప్‌కి 312, హారిస్‌కి 226. అప్పుడే 2028 పేర్లు వినిపిస్తున్నాయి. ఒక అభ్యర్థికి ఎంత అవకాశం ఉందో మీరంతా ఎలా లెక్కేసుకుంటారు?

లెక్కల_మాస్టారు:
ముందు దేశం మొత్తం మీద ఎవరికెంత శాతం అని చూడటం మానేయండి. ఒక్కో రాష్ట్రానికి ఇన్ని అని ఎలక్టోరల్ ఓట్లుంటాయి, దాదాపు అన్ని చోట్లా ఆ రాష్ట్రంలో గెలిచినవాళ్ళకే అవన్నీ పోతాయి. మొత్తం 538లో 270 వచ్చినవాళ్ళదే గెలుపు. 2016లో హిల్లరీకి ట్రంప్ కంటే 28 లక్షలకు పైగా ఎక్కువ ఓట్లు పడ్డాయి, అయినా ఓడిపోయింది. ఆమెను ఓడించిన మిషిగన్, విస్కాన్సిన్, పెన్సిల్వేనియా రాష్ట్రాలు మూడూ కలిపి తేడా 78 వేల లోపే. ఆంధ్రాలో ఒక మామూలు అసెంబ్లీ సీటులో పోలయ్యే ఓట్లలో సగం కూడా కాదది. ఆ మూడింటితో పాటు జార్జియా, నార్త్ కరోలినా, ఆరిజోనా, నెవాడా చూసుకోండి, ఎటైనా మొగ్గే రాష్ట్రాలు ఇవే. 2024లో ఆ ఏడూ ట్రంప్‌కే వెళ్ళాయి.

అట్లాంటా_అక్క:
మన చుట్టూ ఉన్నవాళ్ళ మాట అసలు నమ్మకూడదని నాకు 2020లో తెలిసింది. మాది జార్జియాలో అట్లాంటా దగ్గరున్న ఫోర్సైత్ కౌంటీ, కౌంటీ అంటే మన జిల్లాలాంటిది. తెలుగువాళ్ళు ఎక్కడ చూసినా కనిపిస్తారు. మా వాట్సాప్ గ్రూపులో దాదాపు అందరూ బైడెన్ వైపే, దాంతో కౌంటీ మొత్తం అలాగే ఉందనుకున్నా. లెక్క తేలాక చూస్తే మూడింట రెండొంతుల ఓట్లు ట్రంప్‌వి! అయినా జార్జియాలో బైడెన్ గెలిచాడు, 11,779 ఓట్లతో. అంటే మా కౌంటీలో ఓడినా, ఆ ఓటమి తేడా తగ్గించుకోవడం కూడా ఆయనకు పనికొచ్చింది. ఎవరు గెలిచారన్నదే కాదు, కిందటిసారి కంటే ఎంత పెరిగింది, ఎంత తగ్గింది అన్నది కూడా చూడాలి.

పిట్స్‌బర్గ్_బాబాయ్:
2024 అక్టోబరులో నేను హారిస్ ప్రచారం కోసం ఇంటింటికీ తిరిగాను. పది తలుపులు కొడితే మూడో నాలుగో తెరుచుకునేవి. ఒక పెద్దావిడ అభ్యర్థుల పేర్లే ఎత్తలేదు. వంటింట్లోకి వెళ్ళి కిరాణా బిల్లు తెచ్చి నా చేతిలో పెట్టింది. కోడిగుడ్లు, వెన్న, కాఫీ పొడి, మూడింటి ధరల కిందా పెన్నుతో గీతలు. "నాలుగేళ్ళ కింద ఇంత ఉండేదా?" అని అడిగింది. నాకు జవాబు దొరకలేదు. ఆ సాయంత్రం కారులో కూర్చున్నాక మా అభ్యర్థికి కష్టమేనని అనిపించింది. సర్వేల్లో మాత్రం ఇద్దరూ సమానంగానే ఉన్నారు.

గోదావరి_గట్టు:
బాబాయ్ గారూ, మరి సర్వేలు దండగేనా?

లెక్కల_మాస్టారు:
దండగ కాదండీ. వాటిని చదివే తీరులోనే మన పొరపాటు. 2016లో ఒక పేరున్న అంచనా ట్రంప్‌కి దాదాపు 29 శాతం అవకాశం ఇచ్చింది. మనం దాన్ని సున్నా కింద చదివాం. పది మ్యాచుల్లో మూడు గెలిచే టీమ్‌ని ఎవరైనా కొట్టిపారేస్తారా? ఇంకో సంగతి, తప్పు ఒక రాష్ట్రంతో ఆగదు. ట్రంప్ వైపు ఎక్కువగా ఉన్న, డిగ్రీ లేని తెల్లవారి లెక్క 2016లో చాలా రాష్ట్రాల సర్వేల్లో అసలు కంటే తక్కువ పడింది. అందుకే విస్కాన్సిన్‌లో తప్పితే మిషిగన్‌లోనూ అటువైపే తప్పింది. 2020లో ఒక పెద్ద సర్వే విస్కాన్సిన్‌లో బైడెన్‌కి 17 శాతం ఆధిక్యం చూపించింది, వచ్చింది ఒక్క శాతం కూడా లేదు. ఒక్క సర్వే మీద ఆశ పెట్టుకోకండి, పదింటి సగటు తీయండి. ఆ సగటుకీ అటూ ఇటూ మూడు నాలుగు శాతం వదలండి.

అట్లాంటా_అక్క:
లెక్కింపు రాత్రి టెన్షన్ గురించి కూడా చెప్పండి మాస్టారూ. 2020లో మా ఆయన తెల్లవార్లూ నిద్రపోలేదు.

పిట్స్‌బర్గ్_బాబాయ్:
అది మా పెన్సిల్వేనియా రాష్ట్రం సంగతి కాబట్టి నేను చెప్తానమ్మా. పోస్టులో వచ్చిన ఓట్ల కవర్లు పోలింగ్ రోజు పొద్దున ఏడు దాకా తెరవడానికి ఇక్కడి చట్టం ఒప్పుకోదు. 2020లో అవి లక్షల్లో వచ్చాయి, ఎక్కువగా బైడెన్ పార్టీ అయిన డెమొక్రాట్లవి. అందుకే మర్నాడు పొద్దునకి ట్రంప్ 6 లక్షలకు పైగా ముందున్నాడు, చివరికి బైడెన్ 80 వేల పైచిలుకుతో గెలిచాడు. ఫలితం తేలేసరికి శనివారం అయింది. ఆ రాత్రి ఎవరు ముందున్నారని కాదు, ఇంకా లెక్కపెట్టాల్సినవి ఏ కౌంటీవి, ఎలా వేసినవి అని చూడండి. డెమొక్రాట్లకు బాగా పట్టున్న ఫిలడెల్ఫియా ఓట్లు మిగిలి ఉంటే నేనైతే టీవీ కట్టేసి పడుకుంటాను.