ముందు కాళ్లు రాగానే తోకకప్పలు చనిపోతున్నాయి, ఏం చేయాలి?

మాది ఖమ్మం. పెరట్లో తామరల కోసం కట్టిన సిమెంట్ తొట్టి గోడకు జులైలో చెట్టుకప్ప నురుగు గూడు పెట్టింది. అందులోంచి నీళ్లలోకి జారిన తోకకప్పలు బాగానే పెరిగాయి. వెనక కాళ్లు వచ్చేదాకా ఇబ్బంది లేదు. ముందు కాళ్లు బయటికొచ్చి తోక కుంచించుకుపోయే దశలోనే చనిపోతున్నాయి. అదీ ఎక్కువగా తెల్లవారుజామున. ఉదయం చూస్తే పైకి తేలి ఉంటున్నాయి. కాళ్లు సన్నబడటం, వంకర పోవడం లాంటివి కనిపించలేదు.

తొట్టి లోతు అడుగున్నర. నీళ్లు పచ్చగా ఉంటాయి, మధ్యాహ్నం రెండింటికి 33 డిగ్రీలు. చేపలు లేవు. కుళాయి నీళ్లు ఆపేసి వాననీళ్లు పోశాను. ఉడికించిన పాలకూర వేయడం తగ్గించాను, షేడ్ నెట్ కట్టాను. ఎక్కి కూర్చోవడానికి ఇటుకలు, కొబ్బరి మట్ట పెట్టాను. తేడా రాలేదు. దోమలొస్తాయి, బ్లీచింగ్ కొట్టమని ఇంట్లోవాళ్ల గోల ఒకటి. అది మాత్రం చేయను.

ఈ దశలో మొప్పలు పోయి ఊపిరితిత్తుల మీద బతకాలి కదా. అందుకే అడుగుతున్నాను: ముందు కాళ్లు రాగానే వాటిని తీసి, ఏటవాలుగా పెట్టిన వేరే టబ్బులో కొద్ది నీళ్లలో ఉంచితే బతుకుతాయా, లేక ముందు ఈ పచ్చనీళ్లే మార్చాలా?