కరెంటు సంస్థ ఫైబర్ వేయడం గ్రిడ్ కోసమా, ఇంటర్నెట్ వ్యాపారం కోసమా?

సుధ_నెట్:
అమెరికాలో టెనెసీ రాష్ట్రంలోని చట్టనూగా గురించి చదువుతున్నా. అక్కడి నగర కరెంటు సంస్థ ఈపీబీ 2010లోనే తన పరిధి అంతటా ఇంటింటికీ 1 గిగాబిట్ ఇంటర్నెట్ ఇచ్చిందట. ఆ ఫైబర్ (గాజు పోగుల కేబుల్) గ్రిడ్‌కి, అంటే కరెంటు సరఫరా వ్యవస్థకి కూడా కావాలంటున్నారు. బాగానే ఉంది, కానీ రీడింగ్ తనంతట తానే పంపే స్మార్ట్ మీటర్ పంపేది ఎంతండి, నాలుగు అంకెలు. దానికి రేడియో చాలదా? ఫీల్డులో పనిచేసినవాళ్లు చెప్పండి.

ఫీడర్33:
మీటర్‌కి రేడియో చాలు, చాలాచోట్ల ఇప్పటికీ అదే నడుస్తోంది. ఫైబర్ అవసరం అసలు స్విచ్‌ల దగ్గర. పాత పద్ధతిలో ఫీడర్ (సబ్‌స్టేషన్ నుంచి వీధులకు కరెంటు తెచ్చే లైను) ట్రిప్ అయితే, అంటే ఫాల్ట్ వల్ల తనంతట తాను ఆగిపోతే, సబ్‌స్టేషన్‌లో ఉన్నవాడికి ట్రిప్ అయిందనే తెలుస్తుంది, ఎక్కడ అన్నది తెలియదు. వానలో లైన్‌మన్ టార్చ్ పట్టుకుని లైన్ వెంట పోవాలి, ఒక స్విచ్ తెరిచి (అవతలి లైను విడదీసి) ఫోన్ చేస్తే సబ్‌స్టేషన్‌లో కరెంటు ఇచ్చి చూస్తారు, మళ్లీ ట్రిప్ అయితే ఫాల్ట్ సబ్‌స్టేషన్ వైపే ఉందని ఇంకో స్విచ్ దగ్గరికి నడక. ఒక్క కొమ్మ పడ్డందుకు ఫీడర్ మీద ఉన్న ఇళ్లన్నీ గంటల తరబడి చీకట్లో ఉంటాయి. ఈపీబీ వెయ్యికి పైగా ఆటోమేటిక్ స్విచ్‌లు పెట్టింది. అవి ఫైబర్ మీద ఒకదానితో ఒకటి మాట్లాడుకుని, కొమ్మ పడ్డ ముక్కను రెండువైపులా విడదీసి, మిగతా ఇళ్లకు పక్క ఫీడర్ నుంచి కరెంటు తిప్పేస్తాయి, అదీ సెకన్లలో. పక్క ఫీడర్ ఆ లోడ్ మోయగలదా లేదా అన్నది కూడా ఆ క్షణంలోనే తెలియాలి కదా.

స్తంభం_కింద:
స్తంభాల సంగతి కూడా చెప్పాలి. బయటి ఇంటర్నెట్ కంపెనీ స్తంభానికి వైరు కట్టాలంటే అనుమతి, సర్వే, పాత వైర్లు జరిపించడం, నెలలు పడుతుంది. కరెంటు సంస్థకి స్తంభం సొంతం, మనుషులు సొంతం. లోహం లేని ఫైబర్ కేబుల్ అయితే కరెంటు వైర్లకు దగ్గరగానే కట్టుకోవచ్చు. స్విచ్‌లకు కావాల్సింది కేబుల్‌లోని కొన్ని ఫైబర్ పోగులే, మిగిలినవి ఖాళీగా ఉంచడం ఎందుకు? 2020లో చట్టనూగాలో బడులు మూతపడ్డప్పుడు పేద పిల్లల ఇళ్లకు ఉచితంగా ఇంటర్నెట్ ఇవ్వగలిగారంటే ఆ ఫైబర్ అప్పటికే వీధిలో ఉండబట్టే. బాధ కలిగించేది ఏంటంటే, కరెంటు పరిధి దాటి ఇంటర్నెట్ ఇవ్వకూడదని టెనెసీ చట్టం. 2015లో ఎఫ్‌సీసీ (అమెరికా టెలికాం నియంత్రణ సంస్థ) ఆ అడ్డు తొలగించబోయింది, 2016లో కోర్టు కుదరదంది. హద్దు గీతకు అవతలి ఇల్లు అవతలే ఉండిపోయింది.

లెక్కలరావు:
అందరికీ ఇలా కలిసిరాదు బ్రదర్. ఈపీబీకి 2009లో కేంద్ర ప్రభుత్వం నుంచి సుమారు 11 కోట్ల డాలర్ల గ్రాంట్ వచ్చింది. యూటా రాష్ట్రంలో ప్రోవో నగరం కూడా సొంత ఫైబర్ వేసుకుంది, నడపలేక 2013లో గూగుల్‌కి 1 డాలర్‌కి ఇచ్చేసింది, అప్పు మాత్రం నగరం నెత్తినే ఉండిపోయింది. అందుకే ఎవరు మొదలుపెట్టినా కరెంటు ఖాతా, ఇంటర్నెట్ ఖాతా వేరుగా ఉండాలి. ఇంటర్నెట్ కనెక్షన్ తీసుకోని వాళ్ల కరెంటు బిల్లులో ఆ నష్టం రుద్దడం నాకు అన్యాయంగా అనిపిస్తుంది.

సుధ_నెట్:
థాంక్సండి, స్విచ్‌ల విషయం ఇప్పుడు అర్థమైంది. ఫీడర్33 గారూ, ఒక్కటి టెన్షన్‌గా ఉంది. లైన్‌మన్ స్తంభం మీద ఉండగా ఆ స్విచ్ తనంతట తాను పక్క ఫీడర్ నుంచి కరెంటు తిప్పేస్తే?

ఫీడర్33:
అడగాల్సిన ప్రశ్నే. లైన్ క్లియర్ (లైను మీద పని చేసుకోవచ్చనే అనుమతి) ఇచ్చే ముందే ఆ ముక్కకు రెండువైపులా ఉన్న స్విచ్‌లలో ఆటోమేషన్ ఆపి, కదిలించొద్దని ట్యాగ్ పెడతారు, ట్యాగ్ తీసేదాకా కంట్రోల్ రూమ్ నుంచి కూడా స్విచ్ మూసి కరెంటు కలపడం కుదరదు. అయినా మావాళ్లు టెస్టర్ పెట్టి చూసి, ఎర్త్ రాడ్లు (వైరును భూమికి కలిపే కడ్డీలు) తగిలించాకే వైరు మీద చేయి వేస్తారు.