లిండీ బాగ్స్‌ను 1984లో ఉపాధ్యక్ష అభ్యర్థిని చేస్తే కథ నిలబడుతుందా?

మలుపుల మాస్టారు:
ప్రత్యామ్నాయ చరిత్ర ఒకటి రాస్తున్నాను. కేంద్రంలో ఉన్నది లూసియానా కాంగ్రెస్ సభ్యురాలు లిండీ బాగ్స్. తెలియనివారి కోసం అసలు చరిత్ర: భర్త హేల్ బాగ్స్ ప్రతినిధుల సభలో డెమోక్రాట్ల మెజారిటీ లీడర్. 1972 అక్టోబర్ 16న యాంకరేజ్ నుంచి జూనో వెళ్తున్న చిన్న సెస్నా విమానంతో సహా గల్లంతయ్యారు. 39 రోజులు గాలించినా ఆచూకీ లేదు. 1973 మార్చి 20న జరిగిన ఉప ఎన్నికలో ఆమె ఆ సీటు గెలిచి, 1991 జనవరి దాకా సభలో ఉన్నారు. 1976లో న్యూయార్క్‌లో జరిగిన డెమోక్రటిక్ మహాసభకు అధ్యక్షత వహించారు.

నా మార్పు ఒక్కటే. 1984లో రేగన్ మీద పోటీ చేసిన డెమోక్రాట్ల అధ్యక్ష అభ్యర్థి మాండేల్, ఉపాధ్యక్ష అభ్యర్థిగా జెరల్డీన్ ఫెరారో బదులు ఈమెను ఎంచుకుంటారు. దక్షిణాది, క్యాథలిక్, అందరికీ ఇష్టురాలు. లూసియానా చేతికి వస్తుందా? రాకపోయినా 1988కి ఆమె పెద్ద నాయకురాలు అవుతారా? ఎక్కడ అతుకు కనిపిస్తోందో చెప్పండి.

బ్యాలెట్ పెట్టె:
లూసియానా రాదు. అక్కడ రేగన్‌కు 60 శాతం పైనే పడ్డాయి. రాష్ట్రానికి ఉన్నవి 10 ఎలక్టోరల్ ఓట్లు, దేశం మొత్తం మీద లెక్క 525–13. ఆ 10 ఇటు వేసినా 515–23. ఉపాధ్యక్ష అభ్యర్థి సొంత రాష్ట్రంలో రెండు మూడు శాతం తేగలిగితే గొప్ప. ఇరవై శాతం పైచిలుకు తేడా పూడ్చాలంటే మీరు ఆర్థిక మాంద్యాన్ని కూడా కథలోకి తేవాలి.

అంతకంటే పెద్ద అడ్డంకి ఎంపికలోనే ఉంది. మాండేల్ మీద మహిళను పెట్టమని ఒత్తిడి తెచ్చింది మహిళా సంఘాలు. లిండీ బాగ్స్ గర్భస్రావానికి వ్యతిరేకి. ఆమె పేరు ప్రకటించిన మరునాడే ఆ సంఘాలు రోడ్డెక్కుతాయి. ఫెరారో కూడా క్యాథలిక్కే, కానీ గర్భస్రావ హక్కును సమర్థించారు. దాని మీద న్యూయార్క్ ఆర్చ్‌బిషప్‌తో బహిరంగంగానే గొడవైంది. మీ కథలో చర్చి సంతోషిస్తుంది, పార్టీ కార్యకర్తలు మొహం తిప్పుకుంటారు.

వయసు సంగతి. ఆమె పుట్టింది 1916లో, అంటే అప్పటికి 68. రేగన్ 73 ఏళ్ల వయసును ఎత్తిచూపే అవకాశం మాండేల్ చేతులారా వదులుకున్నట్టే. ఇంకోటి, ఫెరారోను భర్త వ్యాపార లెక్కలు, పన్ను పత్రాలు వెంటాడాయి కదా, ఇక్కడ ఆ పాత్ర కొడుకు టామీ బాగ్స్‌ది. వాషింగ్టన్‌లో పేరుమోసిన లాబీయిస్టు. విలేకరులు ఆయన ఖాతాదారుల జాబితా పట్టుకుని తిరుగుతారు. ఎన్‌పీఆర్ రేడియోలో కాంగ్రెస్ వార్తలు చూసే కూతురు కోకీ రాబర్ట్స్‌ను ఆ ఎన్నికల నుంచి పక్కన కూర్చోబెట్టాలి. ఈ కుటుంబ చిక్కులు రాస్తే మీ కథలో బాగా పండే భాగం ఇదే, గెలుపు కాదు.

మలుపుల మాస్టారు:
సరే, 1984 వదిలేద్దాం. విమానమే గల్లంతు కాకపోతే? ఆ రోజు హేల్ ఎక్కలేదు అనుకుందాం.

సభా నియమాలు:
అప్పుడు హేల్ కథ బ్రహ్మాండంగా నడుస్తుంది, ఈమె కథ మాత్రం మొదలవదు. అప్పటి స్పీకర్ కార్ల్ ఆల్బర్ట్ తప్పుకున్నాక 1977 జనవరిలో హేల్ స్పీకర్. టిప్ ఓనీల్ విప్‌గానే ఆగి, అప్పుడు మెజారిటీ లీడర్ అవుతారు. కాబట్టి 1976 డిసెంబర్‌లో మెజారిటీ లీడర్ పదవికి ఫిలిప్ బర్టన్ మీద జిమ్ రైట్ 148–147తో, ఒక్క ఓటుతో, గెలిచిన పోటీ జరగదు. రైట్ స్పీకర్ కావడం వెనక్కి పోతుంది. ఈ గొలుసు మర్చిపోతే పాఠకులు పట్టేస్తారు.

భర్త ప్రచారాలు నడిపించింది, కెన్నెడీ, జాన్సన్ ప్రమాణ స్వీకార ఉత్సవాల ఏర్పాట్లలో ముందున్నది ఆమే. అంత అనుభవం ఉన్న మనిషి స్పీకర్ భార్యగానే ఉండిపోతారు. మీకు కావలసింది అది కాదనుకుంటా.

సీటు ఖాళీ అయిన తీరు కూడా సరిగ్గా రాయండి. ప్రతినిధుల సభ సీటుకు గవర్నర్ ఎవరినీ నియమించలేరు, ఉప ఎన్నిక తప్పదు. అదే విమానంలో ఉన్న అలాస్కా సభ్యుడు నిక్ బెగిచ్ చనిపోయినట్టు ఆ రాష్ట్రం డిసెంబర్ 29న ప్రకటించింది. హేల్ సీటును మాత్రం 1973 జనవరి 3న సభే తీర్మానం చేసి ఖాళీ అంది. ఇద్దరూ కనిపించకుండానే నవంబర్ ఎన్నికల్లో గెలిచారు. చాలా కథల్లో "వితంతువును నియమించారు" అని రాసేస్తుంటారు. అది సెనేట్ పద్ధతి.

అప్పుపత్రం:
ఒక చిన్న హెచ్చరిక. అప్పులివ్వడంలో వివక్షను నిషేధించిన 1974 సమాన రుణ అవకాశ చట్టం ముసాయిదాలో ఆమె తన చేత్తో "లింగం లేదా వైవాహిక స్థితి" అని చేర్చి, కమిటీలో కాపీలు పంచిన సంగతి అందరికీ ఇష్టం. ఆమె లేకపోతే ఆ చట్టమే లేదని మాత్రం రాయకండి. అలాంటి నిబంధనను సెనేట్ 1973లోనే ఆమోదించింది. 1974లో సంతకమైన చట్టం నిషేధించింది ఆ రెండు కారణాల వివక్షనే. జాతి, మతం, వయసు వంటివి 1976 సవరణతో చేరాయి.

బ్యాలెట్ పెట్టె:
నా మాట వింటే మలుపు 1986లో పెట్టండి. లూసియానా సెనేటర్ రస్సెల్ లాంగ్ తన సీటు వదిలేశారు. అసలు చరిత్రలో డెమోక్రాట్ జాన్ బ్రో గెలిచారు.

అప్పట్లో లూసియానా పద్ధతి వేరు. అన్ని పార్టీల వాళ్లూ ఒకే బ్యాలెట్ మీద ఉండేవారు, ఎవరికీ సగం దాటకపోతే మొదటి ఇద్దరూ నవంబర్‌లో తలపడేవారు. సెప్టెంబర్ 27 రౌండ్‌లో రిపబ్లికన్ హెన్సన్ మూర్‌కు సుమారు 44, బ్రోకు 37 శాతం. లిండీ బరిలోకి దిగితే ఆ 37 చీలుతుంది. మూర్ సగం దాటకపోతే చాలు, అసలు పోరు రెండో స్థానానికి. న్యూ ఓర్లీన్స్, అక్కడి నల్లజాతి ఓటర్లు ఆమె బలం. 1984లో ఆమె జిల్లా నల్లజాతి మెజారిటీ జిల్లాగా మారాక కూడా జడ్జి ఇజ్రాయెల్ ఆగస్టీన్‌ను ఓడించారు. నైరుతిలో ఫ్రెంచ్ మూలాలున్న కేజన్ల పల్లెలు బ్రోవి. కాబట్టి ఆయనను ముందే తప్పించే కారణం ఒకటి కావాలి. రస్సెల్ లాంగ్ ఆమెకు బహిరంగంగా మద్దతిస్తే సరిపోవచ్చు.

ఆ ఏడాది రిపబ్లికన్లు "బ్యాలెట్ భద్రత" పేరుతో నల్లజాతి ప్రాంతాల ఓటర్లకు ఉత్తరాలు పంపి, తిరిగొచ్చిన వాటిని పట్టుకుని వేల పేర్లు తీయించబోయారు. కోర్టుకెక్కింది, ఓటర్లకు కోపమొచ్చింది. ఈ ఘట్టం ఉన్నదున్నట్టు వాడుకోండి, ఆమెకు బ్రో కంటే ఎక్కువ లాభం.

నష్టం ఏమిటంటే, నిధుల కేటాయింపు కమిటీలో 1977 నుంచి పోగేసిన సీనియారిటీ పోతుంది. అక్కడే ఆమె అసలు పలుకుబడి. దీన్ని సర్దడం కష్టం కాదు, అదే ఏడు సెనేట్‌కు గెలిచిన బార్బరా మికల్‌స్కీకి సెనేట్ కేటాయింపుల కమిటీలో చోటు వెంటనే దొరికింది. న్యూ ఓర్లీన్స్ సీటు 1987లోనే ఖాళీ అవుతుంది. విలియం జెఫర్సన్ లేదా మరో నల్లజాతి నాయకుడు నాలుగేళ్లు ముందే సభకు వస్తారు.

సభా నియమాలు:
1986కే నా ఓటు. రెండు తేదీలు గోడకు అంటించుకోండి. 1990 అక్టోబర్‌లో లిండీ కూతురు బార్బరా క్యాన్సర్‌తో పోయారు. అసలు చరిత్రలో ఆ ఏడే లిండీ పోటీ మానుకున్నారు. సెనేట్‌లో పదవీకాలం 1993 జనవరి దాకా ఉంటుంది, కాబట్టి మధ్యలో రాజీనామా చేయించాలనిపిస్తుంది. చేయిస్తే 1991 మార్చికి ముందు చేయించండి, ఆ నెలలో గవర్నర్ రోమర్ రిపబ్లికన్ పార్టీలోకి మారారు, నియామకం ఆయన చేతిలోనే.

ఉంచేస్తే 1991 అక్టోబర్ 15న సుప్రీంకోర్టుకు క్లారెన్స్ థామస్ నియామకం మీద సెనేట్ ఓటింగ్ వస్తుంది. 52–48. బ్రో అవునన్నారు. 75 ఏళ్ల లిండీ కాదన్నా 51–49 అవుతుందంతే, థామస్ న్యాయమూర్తి అవుతారు. ఆపాలంటే మరో ఇద్దరిని తిప్పాలి. ఒక్కరినే తిప్పితే 50–50, అప్పుడు ఉపాధ్యక్షుడు డాన్ క్వేల్ వచ్చి ఓటేస్తారు.