కోపంగా చూసిందా, కోపంగా కనిపించిందా?

గ్రూపులో ఇంగ్లీషు చెప్పే టీచర్లు కూడా ఉన్నారు కాబట్టి ఈ తగువు ఇక్కడ పెడుతున్నాను. పైకి ఇంగ్లీషు గొడవలా ఉంటుంది కానీ, మూలం మన 'గా'లో ఉంది.

పిల్లలకు అనువాదం ఇచ్చాను. 'టీచర్ కోపంగా కనిపించింది' అన్నదాన్ని ఒకమ్మాయి 'ద టీచర్ లుక్డ్ యాంగ్రిలీ' అని రాసింది. 'లీ' కొట్టేశాను. వెంటనే నోట్సు పట్టుకుని వచ్చేసింది: "మేడమ్, 'గా' వస్తే 'లీ' పెట్టమని మీరే చెప్పారు కదా!" చెప్పాను మరి. మెల్లగా అంటే స్లోలీ, గట్టిగా అంటే లౌడ్లీ అని పోయిన నెలే బోర్డు నిండా రాయించాను.

లింకింగ్ వెర్బ్ (పనిని కాక, కర్త ఎలా ఉందో చెప్పే క్రియ) నిర్వచనం చెబితే ఎక్కదని నాకు తెలుసు. అందుకని కుర్చీలో కూర్చుని, మొహం ముడుచుకుని, కళ్ళు గట్టిగా మూసుకున్నాను. "ఇప్పుడు నేను కోపంగా చూస్తున్నానా, కనిపిస్తున్నానా?" క్లాసంతా "కనిపిస్తున్నారు!" అంది. కళ్ళు మూసుకున్నా నిజమయ్యేది 'లుక్డ్ యాంగ్రీ'. తర్వాత కళ్ళు తెరిచి ఆ అమ్మాయి వైపు ఒక చూపు విసిరాను. అది 'లుక్డ్ యాంగ్రిలీ'.

తెలుగులో ఈ రెంటికీ 'కోపంగా' కదలదు, క్రియ మారుతుంది: కనిపించింది, చూసింది. ఇంగ్లీషులో క్రియ కదలదు, పక్కనున్న మాట మారుతుంది. మన 'గా' పని తీరునూ చెబుతుంది (మెల్లగా నడిచింది), వస్తువు ఎలా ఉందో కూడా చెబుతుంది (ఆకాశం ఎర్రగా ఉంది). 'లీ'కి ఆ రెండో పని చేతకాదు. పిల్ల తప్పేం లేదు, నేనిచ్చిన సూత్రమే సగం.

వాసనకూ అంతే. 'ద డాగ్ స్మెల్స్ బ్యాడ్' అంటే కుక్క కంపు కొడుతోంది. 'బ్యాడ్లీ' అంటే పాపం దానికి వాసన పట్టడం సరిగ్గా రాదు. టేస్ట్, ఫీల్, సౌండ్ కూడా ఈ బాపతే. అనుమానం వస్తే ఆ క్రియ తీసేసి 'వాజ్' పెట్టి చూడమంటాను. 'ద టీచర్ వాజ్ యాంగ్రీ' నిలబడుతుంది, 'వాజ్ యాంగ్రిలీ' నిలబడదు.

ఒకటి మాత్రం నేను తేల్చుకోలేకపోయాను. తెలుగు వాక్యాలతో పోల్చి చెప్పడం మంచిదా, అసలు తెలుగు ఊసే ఎత్తకూడదా?

జవాబు: ఎత్తాలి మేడమ్. ఎత్తకపోయినా అది పిల్లల బుర్రలో నడుస్తూనే ఉంటుంది. నేనైతే 'లుక్' దాకా పోకుండా 'ఈజ్' దగ్గరే ఆగుతాను, ఎందుకంటే అసలు గుంట అక్కడుంది. 'చొక్కా పెద్దది' అంటాం, క్రియ లేదు. 'చొక్కా పెద్దగా ఉంది' అంటాం, క్రియ ఉంది. ఇంగ్లీషుకు రెండూ 'ద షర్ట్ ఈజ్ బిగ్'. మనకు మాత్రం ఒకటి కాదు. మొదటిది చొక్కా సైజు, రెండోది నా ఒంటి మీద దాని అవస్థ. 'వాడు మొండివాడు' అంటే స్వభావం. 'మొండిగా ఉన్నాడు' అంటే ఈ పూటకు. ఇలాంటిచోట మనుషుల గురించైతే ఇంగ్లీషువాళ్ళు 'ఈజ్ బీయింగ్' అని ఇంకో మెలిక వేస్తారు. ఇంకోటి, మన విశేషణం వాక్యం చివర ఒంటరిగా నిలవదు. 'మంచి పుస్తకం' సరే, 'ఈ పుస్తకం మంచి' అంటే చెవి ఒప్పుకోదు, 'మంచిది' అనాల్సిందే. ఇంగ్లీషులో 'గుడ్' ముందున్నా చివరున్నా గుడ్డే.

(ఇలా వాక్యం చివర వచ్చే విశేషణాన్ని తెలుగులో 'విధేయ విశేషణం' అని చెప్పబోతే ఒకడు లేచి, సెలవు చీటీ కింద 'తమ విధేయుడు' అని రాసేది ఇదేనా సార్ అన్నాడు. అప్పట్నుంచీ ఆ పేరు జోలికి పోవట్లేదు.)

జవాబు: పెద్దలు క్షమించాలి, 'క్రియ లేదు' అని అంత ఖాయంగా అనకండి. ఆ వాక్యాల్ని వ్యతిరేకార్థంలోకి మార్చి చూడండి, బయటికొస్తుంది. 'పెద్దది కాదు', 'పెద్దగా లేదు'. ఒకటి 'అవు' ధాతువుది, ఇంకోటి 'ఉండు'ది. పైగా 'నేను దొంగను, నువ్వు దొంగవి, మేము దొంగలం' అన్నప్పుడు క్రియకు తగలాల్సిన ప్రత్యయాలు నామవాచకానికే తగులుకుంటున్నాయి. 'నేను దొంగను కాను'లో రెండు చోట్లా ఉన్నాయి. క్రియ దాక్కుందంటే ఒప్పుకుంటా.

జవాబు (ప్రశ్న అడిగిన మేడమ్): దాక్కుందో లేదో మీరిద్దరూ తేల్చుకోండి, ఆ 'కాదు, లేదు' జత మాత్రం నేను రేపే క్లాసుకు పట్టుకెళ్తున్నాను. ఈలోగా ఆ అమ్మాయే ఇంకో వాక్యం రాసుకొచ్చింది: 'షీ లుక్స్ లవ్లీ'. "దీంట్లో కూడా 'లీ' కొట్టెయ్యాలా మేడమ్?" అని అడిగింది. అక్కర్లేదు. లవ్, ఫ్రెండ్ లాంటి నామవాచకాలకు 'లీ' తగిలితే మామూలుగా వచ్చేది విశేషణం. యాంగ్రీ లాంటి విశేషణానికి తగిలితే మామూలుగా క్రియా విశేషణం అవుతుంది. ఇదంతా చెప్పాక ఆ పిల్ల నావైపు కోపంగా చూసింది. కోపంగా కనిపించింది కూడా.